కొత్త డ్రోన్ కనెక్ట్ కావడం లేదా? ముందు కేబుల్ మార్చి చూడండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం డ్రోన్ల గురించే. పెళ్లిళ్ల సీజన్ కదా, కొత్తగా కొన్నవాళ్లు ఎక్కువ ఉన్నట్టున్నారు. తిరుపతిలో కెమెరాలు బాగుచేసే బల్ల ముందు కూర్చుని నాకు ఇరవై ఏళ్లు దాటింది. డ్రోన్లు వచ్చాక అవీ అదే బల్ల మీదికి వస్తున్నాయి. 'చచ్చిపోయింది, చూడన్నా' అని తెచ్చిన కొత్త డ్రోన్లలో ఎక్కువ భాగం నిక్షేపంగా బతికే ఉంటాయి, స్క్రూడ్రైవర్ తీయాల్సిన పనే ఉండదు. అందుకే ఈ నెల పేజీ మొత్తం వాటికే ఇచ్చేశాం.

ఒక్క మాట ముందే చెప్తాను. 'కనెక్ట్ కావడం లేదు' అని మాత్రమే రాస్తే నాకేమీ అర్థం కాదు. ఫోనుకీ రిమోట్‌కీ మధ్య ఒక కేబుల్ ఉంటుంది, రిమోట్‌కీ డ్రోన్‌కీ మధ్య రేడియో సిగ్నల్ ఉంటుంది, డ్రోన్‌కీ పైన ఉపగ్రహాలకీ మధ్య జీపీఎస్ ఉంటుంది. ఈ మూడింట్లో ఏది తెగిందో తెలిస్తే సగం రిపేరు అయిపోయినట్టే. మీరు ఉత్తరం రాసేటప్పుడు ఏది దేనితో కలవడం లేదో, స్క్రీన్ మీద ఏమని వస్తోందో, ఏ రంగు లైటు ఎన్నిసార్లు వెలుగుతోందో రాయండి.

అన్నా, ఆన్‌లైన్‌లో కొన్న డ్రోన్ నిన్న వచ్చింది. బటన్ ఎంతసేపు నొక్కి పట్టుకున్నా ఆన్ కావడం లేదు, ఒక్క లైటూ వెలగలేదు. వాపసు పంపేద్దామా?
*ఖాదీ కాలనీ, తిరుపతి*

ఆగు తమ్ముడూ, వాపసు తర్వాత చూద్దాం. కొత్త బ్యాటరీలను కంపెనీలు నిద్రపుచ్చి పంపిస్తాయి. లిథియం బ్యాటరీ కదా, ఫుల్ చార్జింగ్‌తో లారీల్లో తిప్పడం మంచిది కాదు, పైగా గోడౌన్‌లో నెలల తరబడి పడి ఉన్నా చార్జింగ్ పూర్తిగా దిగిపోకూడదు. అందుకని లోపలి సర్క్యూట్‌ను ఆపేసి పెడతారు. దాన్ని లేపేది బటన్ కాదు, చార్జర్. ఒకసారి చార్జింగ్‌లో పెడితే నిద్ర లేస్తుంది, అప్పుడే లైట్లు వెలుగుతాయి.

చార్జర్ కూడా చూసుకో. ఇంట్లో ఎప్పటిదో పాత ఫోను చార్జర్ ఉంటుంది, దానికి పెడితే కొన్ని బ్యాటరీలు ఉలకవు పలకవు, కొన్ని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తాగుతూనే ఉంటాయి. బాక్సు మీదో, చిన్న పుస్తకంలోనో ఎన్ని వాట్ల చార్జర్ కావాలో రాసి ఉంటుంది, అది వాడు.

ఇక బటన్ సంగతి. చాలా రకాల్లో ఊరికే నొక్కి పట్టుకుంటే ఆన్ కాదు. ఒకసారి నొక్కి వదలాలి, వెంటనే మళ్లీ నొక్కి రెండు సెకన్లు పట్టుకోవాలి. బ్యాగులో ఉన్నప్పుడు దానంతటది ఆన్ కాకుండా ఈ ఏర్పాటు. మొన్న ఒకాయన డ్రోన్ పట్టుకుని కాళహస్తి నుంచి బస్సెక్కి వచ్చారు, నేను రెండుసార్లు నొక్కితే ఆన్ అయింది. ఆయన మొహం చూసి నాకే బాధేసింది, టీ తాగించి పంపాను.

ఇవన్నీ చేసినా లైటు రాకపోతే అప్పుడు వాపసు. ఇలాంటి వస్తువు వచ్చినప్పుడు పార్సిల్ మీద చీటీ కనిపించేలా, టేపు కోసే దగ్గర నుంచి ఆన్ చేసే దాకా ఆపకుండా ఫోనులో వీడియో తీసి పెట్టుకోండి. అమ్మినవాళ్లు మాట దాటేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. అప్పుడు ఆ వీడియోనే మీ సాక్షి.

నేను డిగ్రీ చదువుతున్నాను. ఆరు వేలు పెట్టి చిన్న వైఫై డ్రోన్ కొన్నాను. ఫోను వైఫై లిస్టులో డ్రోన్ పేరు కనిపిస్తుంది, నొక్కితే కనెక్టెడ్ అంటుంది, పది సెకన్లకు పోతుంది. యాప్ తెరిస్తే నల్ల స్క్రీన్. మా ఫ్రెండ్ ఫోనులో మాత్రం ఒక్కసారి పనిచేసింది.
*చిత్తూరు*

ఫ్రెండ్ ఫోనులో పనిచేసిందంటే డ్రోన్ బాగానే ఉంది, తప్పు నీ ఫోనుదే. తప్పు అనకూడదులే, అతి తెలివి.

ఆ డ్రోన్ తనే ఒక చిన్న వైఫై రూటర్‌లా పనిచేస్తుంది. నీ ఫోను దానికి కనెక్ట్ అయ్యాక 'ఇందులో ఇంటర్నెట్ ఉందా' అని వెతుక్కుంటుంది. డ్రోన్‌లో ఇంటర్నెట్ ఎక్కడ నుంచి వస్తుంది? లేదని తేలగానే 'ఈ నెట్‌వర్క్ పనికిరాదు' అనుకుని మొబైల్ డేటాకో, ఇంటి వైఫైకో దూకేస్తుంది. నీ పది సెకన్లు అవే. ఇంకొన్ని ఫోన్లు వైఫైని వదలవు గానీ యాప్‌ను మాత్రం మొబైల్ డేటా దారిలో పంపిస్తాయి. అప్పుడు పైన వైఫై గుర్తు కనిపిస్తూనే ఉంటుంది, యాప్‌లో బొమ్మ రాదు. ఇదే మనుషుల్ని పిచ్చెక్కిస్తుంది.

కాబట్టి ముందు మొబైల్ డేటా ఆపేయ్. ఇంటి వైఫైకి దానంతటది కనెక్ట్ కాకుండా ఆటో కనెక్ట్ తీసేయ్. వీపీఎన్ ఉంటే అదీ ఆపు. డ్రోన్ వైఫైకి కనెక్ట్ చేశాక 'ఇంటర్నెట్ లేదు, అయినా ఇందులోనే ఉండాలా' అన్న అర్థంలో ఒక చిన్న మెసేజ్ వస్తుంది, అందరూ అడ్డుగా ఉందని దాన్ని పక్కకు తోసేస్తారు. తోయొద్దు, ఉండాలి అని నొక్కు. తర్వాతే యాప్ తెరువు. యాప్ లొకేషన్ అడిగితే ఇవ్వు, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో లొకేషన్ ఆన్‌లో లేకపోతే యాప్‌కు చుట్టుపక్కల వైఫైలే కనపడవు. 'దగ్గరి పరికరాలు' అనే పర్మిషన్ అడిగితే అదీ అంతే.

ఇంకో చిక్కు. ఇలాంటి చిన్న డ్రోన్లకు చాలావరకు ఒకసారి ఒక ఫోనే. నీ ఫ్రెండ్ ఫోను ఆ పేరు గుర్తుపెట్టుకుని ఉంటుంది, వాడు పక్కన నిలబడితే చాలు, జేబులోని ఫోనే ముందు వెళ్లి పట్టేసుకుంటుంది, నీకు దారి ఉండదు. వాడి ఫోనులో ఆ నెట్‌వర్క్‌ను 'ఫర్గెట్' కొట్టించు. స్నేహం వదులుకోనక్కర్లేదు.

నీకు పేరు కనిపిస్తోంది కాబట్టి నీ బాధ వేరు గానీ, ఇదే ప్రశ్న అడిగిన ఇంకో ఇద్దరికి అసలు డ్రోన్ పేరే కనపడటం లేదట. వాళ్లు డ్రోన్ బాక్సు మీద 5 గిగాహెర్ట్జ్ అని ఉందేమో చూడండి. పాత, చవక ఫోన్లలో 2.4 మాత్రమే ఉంటుంది, అలాంటి ఫోనుకు 5 గిగాహెర్ట్జ్ డ్రోన్ తలకిందులుగా తపస్సు చేసినా కనపడదు.

మాది ఫొటో స్టూడియో. కొత్త డ్రోన్ రిమోట్‌కు ఫోను తగిలిస్తే ఫోను చార్జింగ్ ఎక్కుతోంది, యాప్ మాత్రం 'రిమోట్ కనెక్ట్ చేయండి' అనే అంటోంది. ఫోన్లు రెండు మార్చాం.
*శ్రీకాళహస్తి*

ఫోన్లు రెండు మార్చారు గానీ కేబుల్ మార్చలేదు కదా సార్.

పాత రకం యూఎస్‌బీ కేబుల్ ఒకటి నా బల్ల మీద ఎప్పుడూ కోసి పెట్టి ఉంటుంది, వచ్చినవాళ్లకు చూపించడానికి. పైతొక్క తీస్తే లోపల నాలుగు తీగలు: ఎరుపు, నలుపు, ఆకుపచ్చ, తెలుపు. ఎరుపు, నలుపు కరెంటు మోస్తాయి. ఆకుపచ్చ, తెలుపు డేటా మోస్తాయి. బజార్లో యాభై రూపాయలకు దొరికే కేబుళ్లలో కొన్నింటిని కోస్తే రెండే తీగలుంటాయి. చార్జింగ్ ఎక్కుతుంది, మాట మాత్రం అటు నుంచి ఇటు రాదు. మీ కేబుల్ ఎలాంటిదో కోయకుండా తెలుసుకోవాలంటే దాంతో ఫోనును కంప్యూటర్‌కు పెట్టి ఫొటోలు కనిపిస్తాయేమో చూడండి. కనపడకపోతే అది చార్జింగ్ కేబులే. బాక్సులో వచ్చిన పొట్టి కేబుల్ ఉంటే వేరేది వాడకండి, చూడటానికి తోకలా ఉందని చాలామంది పక్కన పడేస్తారు.

కేబుల్ సరైనదే అయితే, ఎక్కడ పెట్టారో చూసుకోండి. కొన్ని రిమోట్లకు కింద ఒక సాకెట్, పైన ఫోను పెట్టే చోట ఇంకోటి ఉంటాయి. కిందది రిమోట్‌ను చార్జ్ చేసుకోవడానికి, ఫోను పైదానికే. ఫోనుకు మందపాటి కవర్ ఉంటే పిన్ను పూర్తిగా లోపలికి దిగదు, కవర్ తీసి పెట్టండి. ఫోను సాకెట్‌లో జేబు దూది పేరుకుని ఉన్నా అంతే, పలచని చెక్క పుల్లతో మెల్లగా తీయండి, సూది వాడొద్దు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా రాకపోతే, తగిలించగానే ఫోనులో 'ఈ పరికరానికి ఏ యాప్ తెరవాలి' అని వచ్చే బాక్సులో వేరే యాప్ ఎంచుకున్నారేమో. ఫోను సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కు ఉన్న డీఫాల్ట్‌ను తీసేసి మళ్లీ తగిలిస్తే మళ్లీ అడుగుతుంది.

సార్, మా అబ్బాయి ఇంజినీరింగ్‌లో చేరాడని వాళ్ల మామ డ్రోన్ కొనిచ్చాడు. దాని యాప్ ప్లే స్టోర్‌లో లేదు, ఏదో వెబ్‌సైట్ నుంచి దించుకోమంటోంది. ఫోనులో బ్యాంకు యాప్‌లు ఉన్నాయి, భయంగా ఉంది.
*పలమనేరు*

భయపడటం మంచిదేనమ్మా. కొన్ని కంపెనీల యాప్‌లు నిజంగానే ప్లే స్టోర్‌లో ఉండవు, కంపెనీ వెబ్‌సైట్ నుంచే దించుకోవాలి, అందులో మోసం లేదు. మోసం ఎక్కడుంటుందంటే, ఆ పేరుతో గూగుల్‌లో వెతికినప్పుడు వచ్చే వేరే సైట్లలో. అందుకని వెతకొద్దు. బాక్సులోని పుస్తకం మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది, దాన్ని స్కాన్ చేసి, తెరుచుకున్న చిరునామాలో కంపెనీ పేరు అక్షరం తప్పు లేకుండా ఉందో లేదో చూసి దించుకోమనండి. 'తెలియని యాప్‌లను అనుమతించు' అన్న సెట్టింగ్ ఆన్ చేయమంటుంది, పని అయ్యాక మళ్లీ ఆఫ్ చేయించండి. లొకేషన్, ఫొటోలు, దగ్గరి పరికరాలు అడిగితే సరే. కాంటాక్టులు, మెసేజ్‌లు అడిగితే మాత్రం వద్దు, డ్రోన్ ఎగరడానికి మీ ఓటీపీలతో పనేముంది? ఇంట్లో పాత ఫోను ఉంటే దాన్నే డ్రోన్‌కు కేటాయించండి, అన్నిటికన్నా అదే నయం.

అబ్బాయికి ఇంకో సంగతి చెప్పండి. చాలా డ్రోన్లకు మొదటిసారి ఇంటర్నెట్ ఉండాలి. అకౌంట్ తెరవడం, యాక్టివేట్ చేయడం, ఫర్మ్‌వేర్ అంటే డ్రోన్ లోపలి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్, ఇవన్నీ అయితే గానీ పైకి లేవదు. నేరుగా తోటకో, సిగ్నల్ సరిగా లేని కొండ పక్క పల్లెకో తీసుకెళ్తే అక్కడ చక్రం తిరుగుతూ కూర్చుంటుంది. ఇంట్లోనే, రెక్కలు తీసేసి, డ్రోన్‌కూ రిమోట్‌కూ సగానికి పైగా చార్జింగ్ ఉన్నప్పుడు అప్‌డేట్ పెట్టాలి. అప్‌డేట్ నడుస్తుండగా ఆపకూడదు, మధ్యలో ఫోన్ మాట్లాడకూడదు. రెండు మూడు బ్యాటరీలుంటే ఒక్కోటీ పెట్టి చూడాలి, బ్యాటరీకీ విడిగా అప్‌డేట్ ఉంటుంది కొన్నింట్లో. అప్‌డేట్ అయ్యాక డ్రోన్, రిమోట్ ఒకదాన్నొకటి మరిచిపోవడం కూడా మామూలే, అప్పుడు పుస్తకంలో చెప్పినట్టు రెండింటినీ పక్కపక్కన పెట్టి లింక్ చేసుకుంటే కలిసిపోతాయి.

అన్నా, నేను పెళ్లి వీడియోలకు అసిస్టెంట్‌గా వెళ్తాను. తిరుచానూరులో కల్యాణ మండపం మిద్దె మీద నుంచి కొత్త డ్రోన్ లేపుదామంటే 'కంపాస్ ఎర్రర్' అంది. అది చెప్పినట్టు గుండ్రంగా తిప్పి కాలిబ్రేషన్ చేశాను, నాలుగుసార్లు చేసినా అదే మాట. కింద రోడ్డు మీద పెడితే ఏమీ అనలేదు. డ్రోన్ మార్చమంటారా?
*తిరుపతి రూరల్*

డ్రోన్ కాదు, చోటు మార్చు. ఆ మాట నువ్వే చెప్పావు, కింద ఏమీ అనలేదని.

డ్రోన్ లోపల ఉండేది దిక్సూచే. భూమి అయస్కాంత శక్తి చాలా పలచన, దాన్ని పట్టుకునే సెన్సర్‌కు పక్కన ఇనుము ఉంటే దిక్కు తప్పుతుంది. మిద్దె అంటే ఏమిటి? నీ కాళ్ల కింద జానెడు దూరంలో ఇనుప కడ్డీల వల. పైన నీళ్ల ట్యాంకుకు ఇనుప స్టాండు, పిట్టగోడకు కడ్డీలు, పెళ్లి కాబట్టి లైటింగ్ వాళ్ల ఇనుప ఫ్రేములు. అక్కడ కాలిబ్రేషన్ చేయడమంటే తప్పు దిక్కునే ఒప్పు దిక్కని దానికి నేర్పడం. అది ఒప్పుకోలేదు కాబట్టి బతికిపోయావు, ఒప్పుకుని ఉంటే పైకి లేచాక ఇనుముకు దూరం కాగానే దాని లెక్క తప్పి గుండ్రంగా తిరుగుతూ ఎటో కొట్టుకుపోయేది. ఖాళీ మట్టి నేల మీద, కార్లకూ కరెంటు స్తంభాలకూ దూరంగా కాలిబ్రేషన్ చెయ్. చేతికి స్టీలు కడియం, జేబులో తాళాల గుత్తి, ఫోను ఉంటే పక్కన పెట్టు. మిద్దె మీద నుంచే లేపక తప్పదంటే ప్లాస్టిక్ కుర్చీ మీద పెట్టి చూడు. కుర్చీ ఎత్తు దూరం చాలాసార్లు సరిపోతుంది, సరిపోకపోతే దిగి వచ్చేయ్, మొండికి పోవద్దు.

దీంతో ముడిపడిన ఇంకోటి జీపీఎస్. కొత్త డ్రోన్‌ను మొదటిసారి తెరిచినప్పుడు, లేదా ఫ్యాక్టరీ నుంచి వందల కిలోమీటర్లు వచ్చాక, ఏ ఉపగ్రహం ఎక్కడుందో దానికి తెలీదు. మొత్తం ఉపగ్రహాల పట్టీ ఆకాశం నుంచి దిగడానికి పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. అందుకే మొదటిరోజు ఆలస్యం, తర్వాత రోజుల్లో నిమిషంలోపే అయిపోతుంది. మండపం లోపల నిలబడి జీపీఎస్ రావడం లేదని కంగారు పడకు, పైకప్పు కింద రాదు. 'హోమ్ పాయింట్', అంటే అది బయల్దేరే చోటు, నమోదైందని యాప్ చెప్పే దాకా లేపకు. ముహూర్తం దాటిపోతుందని పెళ్లివారు తొందరపెడతారు, నువ్వు తొందరపడకు, సిగ్నల్ పోతే అది తిరిగి వచ్చేది ఆ హోమ్ పాయింట్‌కే.

హోమ్ పాయింట్‌తో పాటు తిరిగి వచ్చే ఎత్తు కూడా చూసుకో. ఇది నా సొంత డబ్బుతో నేర్చుకున్న పాఠం. కొన్నేళ్ల క్రితం బంగారుపాళెం దగ్గర మామిడి తోటలో షూటింగ్. అంతకుముందు వేరే పనికి తిరిగి వచ్చే ఎత్తు 15 మీటర్లు పెట్టి మార్చడం మరిచిపోయాను. మామిడి చెట్లకు అది చాలు. డ్రోన్ పది మీటర్ల ఎత్తులో చెట్ల అవతలికి పోయింది, సిగ్నల్ తెగింది, అది చెప్పినట్టే విని 15 మీటర్లకు లేచి తిన్నగా నా వైపు బయల్దేరింది. గట్టు మీద వరసగా కొబ్బరి చెట్లున్న సంగతి నాకూ గుర్తులేదు, దానికీ కళ్లు లేవు, అప్పటి డ్రోన్‌కు ముందు సెన్సర్లు లేవు. మట్టల్లో ఇరుక్కుని గాలికి ఊగుతోంది, పైన పచ్చ లైటు వెలుగుతూ. దించడానికి చెట్టెక్కిన మనిషికి 300 ఇచ్చాను, కెమెరా ఊగకుండా పట్టుకునే గింబల్‌కు తొమ్మిది వేలు అయింది. ఇప్పుడు ఎక్కడికి వెళ్లినా ముందు తలెత్తి అన్నిటికన్నా ఎత్తైన చెట్టు, టవర్ ఏదో చూసి, దానికి ఇంకో పది మీటర్లు కలిపి పెడతాను.

ఇంకొకటి తమ్ముడూ, నువ్వు పెళ్లిళ్లకు డబ్బులు తీసుకుని ఎగరేస్తున్నావు. 250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అది దాటి 2 కిలోల లోపు ఉంటే సరదాకు అక్కర్లేదు గానీ, వ్యాపారానికి కావాలి. మీ ఓనర్‌ను అడుగు ఉందో లేదో.

మాది రేణిగుంట. డ్రోన్ అన్నీ కనెక్ట్ అయ్యాయి, బొమ్మ వస్తోంది, కానీ మోటార్లు తిరగవు. ఇదే డ్రోన్ మా అత్తగారి ఊళ్లో బాగా ఎగిరింది.
*రేణిగుంట*

మీ ఇంటికి విమానాశ్రయం ఎంత దూరమో ఒకసారి ఆలోచించండి సార్. కొన్ని కంపెనీల డ్రోన్లు విమానాశ్రయాల చుట్టూ ఉన్న హద్దులను మ్యాపులో దాచుకుని, అక్కడ లేవడానికి ఒప్పుకోవు. అది పాడవడం కాదు, కాపాడటం. ఒప్పుకున్నా ఎగరేయకూడదు. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నిబంధనల ప్రకారం దేశాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు జోన్లుగా విడదీశారు. ఆకుపచ్చలో 400 అడుగుల దాకా అనుమతి అడగక్కర్లేదు, విమానాశ్రయం ప్రహరీకి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగుల దాకే. అంతకన్నా దగ్గరికి వస్తే అనుమతి లేకుండా కుదరదు. ప్రభుత్వ డిజిటల్ స్కై వెబ్‌సైట్‌లో మ్యాపు ఉంది, మీ వీధి ఏ రంగులో పడిందో చూసుకోండి. ఆదివారం ఎలాగూ అత్తగారి ఊరికి వెళ్తారు కదా, డ్రోన్ బ్యాగులో పెట్టుకోండి.

ఇదే సందర్భంలో తిరుమల కొండ మీద ఎగరేయవచ్చా అని అయిదుగురు అడిగారు. కూడదు. కొండ మీద ఎగరేసి కేసులు పెట్టించుకున్నవాళ్లున్నారు. చంద్రగిరి కోట కూడా పురావస్తు శాఖ కిందిది, అనుమతి లేకుండా అక్కడా వద్దు.

లేపగానే పక్కకు ఒరిగి బోర్లా పడుతోంది. మూడుసార్లు అయింది.
*పుత్తూరు*

రెక్కలు తారుమారయ్యాయి. నాలుగు మోటార్లలో రెండు ఇటు, రెండు అటు తిరుగుతాయి, వాటికి రెక్కలూ రెండు రకాలు. గుర్తు ఉన్న రెక్క గుర్తు ఉన్న మోటారుకే వెయ్యాలి. మూడుసార్లు పడ్డాయి కాబట్టి అంచులు గోటితో తడిమి చూడండి, గరుకు తగిలితే ఆ రెక్క పారేయండి.

మాకు టమాటా తోట ఉంది. కంపెనీ కిలోమీటర్ల కొద్దీ రేంజ్ అని రాసింది. మాకు రెండు వందల మీటర్లకే బొమ్మ ఆగిపోతోంది. మధ్యాహ్నం అయితే ఇంకా ఘోరం, యాప్ మొత్తం స్తంభించిపోతోంది.
*పుంగనూరు*

ఇవి రెండు వేర్వేరు జబ్బులు, ఒకేసారి వచ్చాయి.

మొదటిది యాంటెనా. అందరూ యాంటెనా కొసను తుపాకీలా డ్రోన్ వైపు గురిపెడతారు. సిగ్నల్ కొస నుంచి పోదు, పక్కల నుంచి పోతుంది, మన మేదు వడ ఆకారంలో, యాంటెనా చుట్టూ. కొసను గురిపెట్టారంటే వడ మధ్య చిల్లును చూపించినట్టే. యాంటెనా పలక వైపు డ్రోన్‌కు ఎదురుగా ఉండాలి. మడిచి దాచుకునే రకం అయితే అసలు మడతే తీయకుండా ఎగరేసేవాళ్లను కూడా చూశాను. మీరు గానుగ చెట్టు నీడలో నిలబడి ఎగరేస్తుంటే ఆకులే సిగ్నల్‌ను తాగేస్తాయి, గట్టు మీదికి వచ్చి డ్రోన్ కంటికి కనిపించేలా నిలబడండి. ఎలాగూ కంటిచూపు దాటి పంపకూడదు. కంపెనీ చెప్పే కిలోమీటర్లు అడ్డం, అలజడి ఏమీ లేని చోట కొలిచినవి. ఊళ్లో అయితే ఇంటింటి వైఫైలు 2.4 గిగాహెర్ట్జ్‌లోనే అరుస్తుంటాయి, అక్కడ సెట్టింగ్స్‌లో 5.8కి మారిస్తే బొమ్మ నిలుస్తుంది. తోటలో చెట్ల మధ్య అయితే 2.4 నయం, ఆకులను దాటుకుని రావడం దానికే బాగా చేతనవుతుంది.

రెండోది ఎండ. డ్రోన్‌కు చాలా కంపెనీలు 40 డిగ్రీలే హద్దు అని రాస్తాయి. మన దగ్గర మేలో గాలే ఆ లెక్క దాటుతుంది. ఫోను ఇంకా ముందే చేతులెత్తేస్తుంది: వేడెక్కగానే స్క్రీన్ వెలుగు తగ్గించేస్తుంది, ప్రాసెసర్ వేగం తగ్గించేస్తుంది, మీకు యాప్ ఆగినట్టు కనిపిస్తుంది. ఉదయం ఎనిమిది లోపు, సాయంత్రం అయిదు తర్వాత ఎగరేయండి. ఫోనుకు ఎండ తగలకుండా అట్టముక్కతో చిన్న గొడుగు చేసుకోండి, కవర్ తీసేయండి, రికార్డింగ్ అవుతున్నప్పుడు ఫోను చార్జ్ కాకుండా ఆపే సెట్టింగ్ ఉంటే అది పెట్టుకోండి. దిగిన బ్యాటరీ చేత్తో పట్టుకుంటే వెచ్చగా ఉన్నంతసేపూ చార్జింగ్ పెట్టొద్దు. వారం దాకా వాడేది లేకపోతే ఫుల్ చార్జింగ్‌తో బీరువాలో దాచొద్దు, సగానికి కాస్త పైన ఉంచండి, లేకపోతే ఉబ్బుతాయి. ఉబ్బిన బ్యాటరీని నా దగ్గరికి కూడా తేవొద్దు, బాగుచేయడం ఉండదు.

దుబాయ్‌లో ఉన్న మా బావ వస్తూ డ్రోన్ తెస్తానంటున్నాడు. తెమ్మనమంటారా?
*చిత్తూరు*

వద్దని చెప్పు. విదేశీ డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరి 9 నుంచి ప్రభుత్వం నిషేధించింది. విడిభాగాలకు మినహాయింపు ఉంది గానీ బావ తెచ్చేది విడిభాగం కాదు కదా. ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్లు తీసుకుంటే అక్కకూ నీకూ మధ్య మాటలు మిగులుతాయి. ఖర్జూరం తెమ్మను.

కొత్త డ్రోన్ ఆన్ చేస్తే కెమెరా వణికి, కీచుమని శబ్దం చేసి 'గింబల్ ఓవర్‌లోడ్' అంటోంది.
*చంద్రగిరి*

కెమెరా మీద పలచని ప్లాస్టిక్ మూత ఉంటుంది, తీశారా?

మా మిద్దె మీదికి కోతులు గుంపుగా వస్తాయి. డ్రోన్‌తో తరమవచ్చా?
*కపిలతీర్థం రోడ్డు, తిరుపతి*

మొదటి రోజు పారిపోతాయి సార్. రెండో రోజు కూర్చుని చూస్తాయి. మూడో రోజు ఏదో ఒకటి చెయ్యి చాపుతుంది, దాని వేళ్లు తెగుతాయి, మీ డ్రోన్ పక్కింటి నీళ్ల ట్యాంకులో పడుతుంది. పడితే ఆన్ చేసి చూడకుండా ముందు బ్యాటరీ ఊడదీసి, డ్రోన్ తీసుకుని రండి.